విశ్వవిద్యాలయ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు సేవ: ఏడాది వాడిన తరువాత

ఎముకలలో అమర్చే టైటానియం మిశ్రలోహపు పలకల మీద హైడ్రాక్సీ అపటైట్ (ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం లాంటిది) పూత ఎలా నిలుస్తుందో పరిశీలించడం నా పని. అందుకోసం ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కేంద్ర పరికరాల విభాగంలో ఉన్న స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును (ఎలక్ట్రాన్ల పుంజంతో ఉపరితలాన్ని ఎంతో పెద్దది చేసి చూపే యంత్రం) ఏడాదిగా వాడుతున్నాను. ఆ విశ్వవిద్యాలయం వారే కాక బయటి కళాశాలల పరిశోధకులు, చిన్న పరిశ్రమల వారు కూడా దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి అక్కడ శాంపిళ్లను పరీక్ష చేయించుకోవచ్చు. లోపాలు ఉన్నా నేను మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లడానికి కారణం, శాంపిల్‌ను యంత్రంలో పెట్టే ముందు ఆపరేటరు అడిగే ప్రశ్నలు.

మొదటిసారి వెళ్లినప్పుడు, శాంపిళ్లకు బంగారు పూత వేయాలని దరఖాస్తులో నేనే రాశాను. హైడ్రాక్సీ అపటైట్ విద్యుత్తును ప్రసరింపజేయదు కనుక ఎలక్ట్రాన్లు దాని మీద పేరుకుపోయి, బొమ్మలో తెల్లటి చారలు పడతాయి. పది నానోమీటర్ల మేరకు లోహపు పూత వేస్తే ఆ బాధ తప్పుతుందని ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే. ఆపరేటరు కాగితం చదివి, “మీకు బొమ్మ మాత్రమే కావాలా, మూలకాలు కూడా కావాలా?” అని అడిగారు. కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి కావాలని, అది అసలైన హైడ్రాక్సీ అపటైట్‌లో ఉండే 1.67కు దగ్గరగా ఉందో లేదో చూడాలని చెప్పాను. అయితే బంగారం వద్దని, కార్బన్ పూత వేద్దామని ఆయన అన్నారు. శాంపిల్ నుంచి వచ్చే ఎక్స్‌రేల శక్తిని బట్టి మూలకాలను గుర్తించే ఇడిఎస్ పరీక్షలో ఫాస్ఫరస్ శిఖరం 2.01 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, బంగారపు శిఖరం 2.12 దగ్గర వస్తాయి. రెండింటినీ విడదీసి చూపేంత సూక్ష్మత ఆ డిటెక్టరుకు ఉండదు. నా మాట ప్రకారమే పూత వేసి ఉంటే ఆ నిష్పత్తి పనికిరాకుండా పోయేది, ఆ సంగతి నాకు తెలిసేది కూడా కాదు.

రెండవ అనుభవం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. పలక మీది పూతను గీకి, ఆ పొడిని పరీక్షించినప్పుడు అందులో అల్యూమినియం కనిపించింది. మా పలకల మిశ్రలోహంలో సుమారు 6 శాతం అల్యూమినియం ఉంటుంది కనుక, అది పలకలోంచి పూతలోకి చేరుతున్నదని నమ్మి, ఒక పూటంతా కొత్త విషయం కనుగొన్నవాడిలా తిరిగాను. మరునాడు అదే ఆపరేటరు, పొడిని అంటించిన స్టబ్ (శాంపిల్‌ను నిలిపే చిన్న దిమ్మ) కూడా అల్యూమినియందేనని గుర్తుచేసి, అదే పొడిని కార్బన్ స్టబ్ మీద పెట్టి మళ్లీ చూపించారు. ఆ శిఖరం కనిపించలేదు. దీనికి అదనపు రుసుము అడగకపోవడం కూడా చెప్పవలసిన విషయమే.

బొమ్మల నాణ్యతకు వంక పెట్టడానికి ఏమీ లేదు. మా పూతలోని సన్నని పగుళ్లు, రేణువుల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతి బొమ్మ మీద కొలత గీత, వాడిన వోల్టేజి, డిటెక్టరు పేరు ముద్రించి ఇస్తారు.

నా ప్రధానమైన అభ్యంతరం వేరు. ఇక్కడ పరిశోధక విద్యార్థులను యంత్రం ముందు కూర్చోనివ్వరు. శిక్షణ తీసుకున్నవారైనా సరే, పక్క కుర్చీలో కూర్చుని “కొంచెం ఎడమకు, ఇంకొంచెం పైకి” అని చెప్పుకోవలసిందే. ఖరీదైన పరికరం పాడవుతుందన్న భయం అర్థం చేసుకోదగినదే, కానీ ఈ పరికరం పుట్టుకను చూస్తే ఆ నిబంధన విచిత్రంగా కనిపిస్తుంది. 1931లో బెర్లిన్‌లోని సాంకేతిక ఉన్నత విద్యాలయంలో మాక్స్ నోల్‌తో కలిసి తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిర్మించినప్పుడు ఎర్నెస్ట్ రుస్కా వయస్సు పాతికేళ్లలోపే. ఆ పనికి ఆయనకు నోబెల్ బహుమతి 1986లో గానీ రాలేదు. 1938లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఇలాంటి యంత్రాన్ని తయారు చేసిన జేమ్స్ హిల్లియర్, ఆల్బర్ట్ ప్రీబస్ కూడా అప్పటికి పరిశోధక విద్యార్థులే. విద్యార్థులు కట్టిన యంత్రాన్ని విద్యార్థులు ముట్టుకోకూడదనడం నాకు మింగుడుపడలేదు. పరీక్ష పెట్టి, నెగ్గినవారికైనా తక్కువ రద్దీ ఉండే వేళల్లో అనుమతి ఇస్తే ఆపరేటరు మీద భారం కూడా తగ్గుతుంది.

ఆ భారం ఎంతటిదో స్లాట్ల జాబితా చూస్తేనే తెలుస్తుంది. దరఖాస్తు పెట్టిన తరువాత నాకు ఒక్కసారి కూడా మూడు వారాల లోపు పిలుపు రాలేదు. ఆపరేటరు సెలవులో ఉంటే ఆ రోజు స్లాట్లన్నీ వెనక్కి జరుగుతాయి, ఆ మాట అక్కడికి వెళ్లేదాకా ఎవరూ చెప్పరు. దరఖాస్తు మీద మార్గదర్శకుడి సంతకం, విభాగాధిపతి సంతకం, రుసుము రసీదు మూడూ ఉండాలి, ఒక్కటి తగ్గినా కాగితం తిరిగి వస్తుంది. సాయంత్రం గంట కొట్టినట్టు యంత్రం ఆపేస్తారు కనుక, మధ్యాహ్నపు స్లాటు దొరికినవారు శాంపిళ్ల సంఖ్య తగ్గించుకుని వెళ్లడం మంచిది.

ఇడిఎస్ ఫలితాలను అడగకపోతే బొమ్మల రూపంలోనే ఇస్తారు. శాతాల పట్టికతో పాటు స్పెక్ట్రం అంకెల ఫైలు కూడా కావాలని దరఖాస్తులోనే రాయండి. కొద్ది కాలం తరువాత వారి కంప్యూటరులోంచి పాత ఫైళ్లు తీసేస్తారు, నా మొదటి రెండు పరీక్షల అంకెలు అలాగే పోయాయి. ఏ మూలకం కోసం వెదుకుతున్నారో కూడా అదే కాగితంలో ఒక వాక్యం రాస్తే, ఏ పూత వేయాలో, ఏ స్టబ్ వాడాలో ఆపరేటరే చూసుకుంటారు.