స్పిరిటా, గ్యాసా? మోడల్ స్టీమ్ ఇంజిన్‌కి ఏ మంట మేలు

మోడల్ స్టీమ్ ఇంజిన్, అంటే ఆవిరితో నడిచే బుల్లి ఇంజిన్, సాఫీగా నడవాలంటే ముందు చూడాల్సింది నీళ్లు మరిగించే మంటే. బ్యూటేన్ గ్యాస్ అయితే వాల్వ్ తిప్పి మంట పెంచొచ్చు, తగ్గించొచ్చు, కొత్తవాళ్లకి ఇదే హాయి. కానీ గ్యాస్ బయటికొచ్చే జెట్ రంధ్రం చాలా సన్నం, చిన్న నలుసు పడినా మంట నీరసిస్తుంది, అప్పుడు సూదితో పొడిచారంటే రంధ్రం పెద్దదై జెట్ పాడవుతుంది, విప్పి వెనక నుంచి గాలి ఊదండి. చలిలో ఇంకో చిక్కు: బ్యూటేన్ మరిగేదే దాదాపు 0 డిగ్రీల దగ్గర, ట్యాంకు చల్లబడే కొద్దీ ప్రెషర్ పడిపోతుంది.

స్పిరిట్‌కి, అంటే వత్తులతో మండే ఆల్కహాల్‌కి, ఈ గొడవ లేదు. వత్తులు బిగించి కూరకుండా, సమానంగా కత్తిరించి ఉంచితే చాలు. బర్నర్ రొద లేక ఇంజిన్ చప్పుడు శుభ్రంగా వినిపిస్తుంది, నాకు అందుకే స్పిరిట్ ఇష్టం. అయితే పగటి వెలుగులో ఆ మంట సరిగా కనబడదు, మండుతుండగా మాత్రం ఎప్పుడూ స్పిరిట్ నింపకండి.