కొత్త రకం సైకిల్ తాళాలు: మన వరంగల్‌లో ఏది పనికొస్తుంది?

సైకిల్ షాపుకెళితే ముందుగా చేతిలో పెట్టేది నంబర్ తిప్పే కేబుల్ తాళం. ప్లాస్టిక్ తొడుగు వల్ల లావుగా కనిపిస్తుంది గానీ, లోపలుండేది సన్నని తీగలు పేనిన తాడే. మామూలు కట్టర్‌తో కొద్దికొద్దిగా కొరికితే తెగిపోతుంది. నాలుగంకెలకు పదివేల నంబర్లున్నా, చవక రకాల్లో తాళాన్ని గట్టిగా లాగిపట్టి చక్రాలు తిప్పుతుంటే సరైన అంకె దగ్గర పట్టు మారినట్టు వేలికి తెలుస్తుంది. కిరాణా కొట్టు ముందు ఐదు నిమిషాలకు చాలు. పొద్దున కాజీపేటలో రైలెక్కి రాత్రికి తిరిగొచ్చేవాళ్లకు చాలదు.

వెనక చక్రానికి బిగించే గుండ్రటి తాళాన్ని పాతదని పీకేయకండి. చాలా మోడళ్లలో తాళం వేస్తేనే చెవి బయటికొస్తుంది, కాబట్టి వేయడం మర్చిపోవడమంటూ ఉండదు. కాకపోతే సైకిల్‌నే ఎత్తి ఆటోలో వేసుకుపోవచ్చు. దీనికి యూరప్‌వాళ్లు చేసిన మార్పు బాగుంది: తాళం పక్కన ఒక రంధ్రం, అందులో గుచ్చే గొలుసు. గొలుసును స్తంభం చుట్టూ తిప్పి, ఒక కొసను రెండో కొస రింగులోంచి దూర్చి రంధ్రంలో నొక్కితే సరి. మన దగ్గర దొరికే చవక రకాల్లో ఆ రంధ్రం ఉండదు, చూసి కొనాలి.

చిలీవాళ్ల యెర్కా సైకిల్‌లో ఫ్రేమే తాళం. కింది గొట్టం రెండుగా విడిపోయి స్తంభాన్ని చుట్టుకుంటుంది, సీటు రాడ్ అడ్డంగా దూరి లాక్ అవుతుంది. తాళం కోస్తే సైకిలే పాడవుతుంది కాబట్టి దొంగకు లాభం లేదన్నది వాళ్ల లెక్క. కోసింది దొంగే అయినా నష్టం మనదే కదా!

స్కంక్‌లాక్ అనే తాళాన్ని 2016లో ప్రకటించారు. కోస్తే వాంతి తెప్పించే గ్యాస్ చిమ్ముతుంది, పక్కన నిలబడ్డవాళ్లు కూడా పీల్చాల్సిందే. అలారం తాళాలు 110 డెసిబెల్స్ అరుస్తాయి. హన్మకొండ చౌరస్తా హారన్లలో ఎవరు తిరిగి చూస్తారు? పక్క బండి తగిలినా మోగుతుంటే చివరికి మనమే బ్యాటరీ తీసేస్తాం.

ఇనుము కోసే కరెంటు గ్రైండర్‌కు నిజంగా ఎదురునిలిచే తాళాల్లో ఒకటి హిప్‌లాక్ డి1000. గ్రాఫీన్ (కార్బన్‌తో చేసే చాలా గట్టి పదార్థం) కలిపిన దాని పూత గ్రైండర్ డిస్కునే అరగదీస్తుంది. బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. దాని ధరకు మామూలు సైకిళ్లు రెండు మూడొస్తాయి, ఖరీదైన గేర్ సైకిల్ ఉంటేనే ఆలోచించండి.

మిగతావాళ్లకు మా ఓటు చిన్న యూ-లాక్‌కే, అంటే ఇంగ్లిష్ U ఆకారపు ఇనుప కడ్డీకి అడ్డకడ్డీ బిగించే తాళానికే. కడ్డీ 16 మి.మీ. ఉంటే చేతి కట్టర్ దాదాపు పనిచేయదు. అడ్డకడ్డీలో రెండు కొసలూ లాక్ అయ్యే రకమే తీసుకోండి. ఒక్క కొసే లాక్ అయ్యేదాన్ని ఒకచోట కోసి మెలిపెడితే ఊడొస్తుంది. పెద్ద సైజు కొంటే లోపల ఖాళీ మిగిలి, జాకీ పెట్టి విరిచే వీలుంటుంది. అమెరికా మెకానిక్ షెల్డన్ బ్రౌన్ చెప్పిన పద్ధతిలో వేస్తే చిన్నదే సరిపోతుంది: సీటు కింద ఫ్రేము త్రికోణం లోపలున్న వెనక రిమ్మునూ, స్తంభాన్నీ కలిపి. ముందు చక్రం క్విక్ రిలీజ్ (పానా లేకుండా చేత్తోనే ఊడదీసే రకం) అయితే దానికి ఆ పాత కేబుల్ వాడుకోండి. స్తంభాన్ని ఒకసారి ఊపి చూడండి, పైనుంచి సైకిల్ ఎత్తి తీసేంత పొట్టిదైతే వద్దు.

చెవి రంధ్రం నేలవైపు ఉంచితే వాననీళ్లు దిగవు. తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. గ్రాఫైట్ పొడి గానీ రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె గానీ చాలు.