సౌండ్ సెట్టింగుల ఫైళ్లు ఎక్కడుండాలి? పైప్‌వైర్ ఏళ్ల తరబడి వాడాక నా మాట

లినక్స్‌లో గొంతు రికార్డింగుకి ఒకప్పుడు పల్స్‌ఆడియో, జాక్ అనే సౌండ్ ప్రోగ్రాములు రెండూ వాడేదాన్ని. ఆ రెండింటి పనీ చేసే పైప్‌వైర్‌కి మారి ఏళ్లయింది. అందులో నాకు బాగా నచ్చింది కాన్ఫిగరేషన్ ఫైళ్ల, అంటే సెట్టింగులు రాసుండే ఫైళ్ల అమరిక.

ప్యాకేజీతో వచ్చే ఫైలు యూఎస్ఆర్ అనే సిస్టమ్ ఫోల్డర్‌లోని షేర్ కింద ఉంటుంది. మెషీన్ వాడే అందరికీ వర్తించే మార్పులు ఈటీసీ ఫోల్డర్‌లో, నా ఒక్కదానికే కావాల్సినవి నా హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద పెట్టుకోవచ్చు. హోమ్‌లో ఉన్నదానిదే పైచేయి.

అసలు సుఖం 'పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డీ' ఫోల్డర్‌తో వచ్చింది. మార్చాలనుకున్న నాలుగు లైన్లే ఒక చిన్న ఫైల్లో రాసి అందులో పడేస్తే చాలు, మిగతావన్నీ ప్యాకేజీ ఫైలు నుంచే వస్తాయి. నేను మార్చింది క్వాంటం, అంటే ఒక్కో విడతలో (బఫర్‌లో) పంపే సౌండ్ శాంపిళ్ల సంఖ్య ఒక్కటే, 1024 నుంచి 256కి. సెకనుకి 48,000 శాంపిళ్ల (48,000 హెర్ట్జ్) దగ్గర ఒక్కో బఫర్ నిడివి 21 మిల్లీసెకన్ల నుంచి దాదాపు 5కి దిగుతుంది. పాడుతుంటే హెడ్‌ఫోన్లలో నా గొంతు ఆలస్యంగా వినపడే చికాకు పోయింది. మొత్తం ఫైలును హోమ్‌లోకి కాపీ చేసి దిద్దుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అక్కడ పూర్తి ఫైలు కనిపిస్తే పైప్‌వైర్ ప్యాకేజీ ఫైలు జోలికే పోదు. అప్‌డేట్‌లో దానికి వచ్చిన మార్పులేవీ మీకు అందవు.

వాల్యూమ్ ఎంత పెట్టాం, ఏ స్పీకర్ ఎంచుకున్నాం లాంటివి మనం రాసే సెట్టింగులు కావు, ప్రోగ్రాం గుర్తుపెట్టుకునే సంగతులు. పల్స్‌ఆడియో వాటినీ డాట్ కాన్ఫిగ్‌లోనే కలిపేసేది. బ్యాకప్ తీసి కొత్త ల్యాప్‌టాప్‌లో వేస్తే పాత సౌండ్ కార్డుల వివరాలన్నీ వెంట వచ్చేవి. పైప్‌వైర్‌తో పనిచేసే వైర్‌ప్లంబర్ వాటిని హోమ్‌లోనే డాట్ లోకల్ కింద స్టేట్ ఫోల్డర్‌లో విడిగా పెడుతుంది. తేడా వస్తే సెట్టింగులు ముట్టుకోకుండా అదొక్కటే తుడిచేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆడియో సాఫ్ట్‌వేర్లన్నీ ఇలాగే చేయాలని నా కోరిక.

ఇబ్బందులు లేవని కాదు. 2024లో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత కాన్ఫిగ్ ఫైళ్లను చదవడం మానేసింది. చోటు బాగున్నా రాసే పద్ధతే మారిపోయి, అన్నీ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఇన్ని చోట్లలో ఏ ఫైలు మాట చెల్లుతోందో తేల్చడమూ కొత్తవాళ్లకి టెన్షనే. టెర్మినల్లో 'పీడబ్ల్యూ-కాన్ఫిగ్' (pw-config) కమాండ్ నడిపితే చదివిన ఫైళ్ల దారులన్నీ చూపిస్తుంది. ఏదైనా దిద్దేముందు అది చూసుకోండి.