మొక్కజొన్నలో అట్రాజిన్ 50 శాతం పొడి (కలుపు మందు) వాడా, నా రివ్యూ

కలుపు విషయంలో వంక పెట్టడానికి లేదు, విత్తిన మర్నాడు తడి మీద కొట్టా, వెడల్పాకు కలుపు మూడు వారాలు తలెత్తలేదు. కానీ కొట్టిన రెండో రోజే వాన దంచేసింది, సాళ్ల వెంట బురదనీళ్లు వాగులోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయా, మందు కూడా అందులోనే పోతోంది కదా మరి. ఇది మట్టిని గట్టిగా పట్టుకోదండి. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు అయితే బంకమన్ను రేణువులకి అతుక్కుని, మట్టి కొట్టుకుపోతే దాంతోపాటు పోతుంది, ఇది మాత్రం నీళ్లలో కరిగి కిందకి దిగిపోతుంది, ఇసుక నేలై సేంద్రియం తక్కువైతే ఇంకా స్పీడు. నేలలో ఈ మందు సగం విచ్ఛిన్నం కావడానికే సుమారు 2 నెలలు, భూగర్భజలంలో చేరితే ఇంకా లేటు, అక్కడ దాన్ని విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు తక్కువ. తాగునీటిలో అమెరికా పరిమితి లీటరుకి 3 మైక్రోగ్రాములు, యూరప్‌లో 0.1 మాత్రమే! ప్యాకెట్ మీద వాన హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అదొక్కటే నాకు ఒళ్లుమండింది. 5కి 3 స్టార్లు. వాన సూచన ఉంటే కొట్టకండి, వాగు పక్కన గడ్డి పట్టీ వదలండి, స్ప్రేయర్ మాత్రం బావి దగ్గర కడగొద్దు.