పద్మినికి పాత స్టీరింగ్ బాక్సా, ర్యాక్ అండ్ పినియనా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో నెమ్మదిగా పోయేటప్పుడు పట్టించుకోని స్టీరింగ్ ప్లే (వదులు), జాతీయ రహదారి ఎక్కి ఒంగోలు వైపు వేగం పెంచగానే ప్రీమియర్ పద్మిని కారును అటూ ఇటూ ఊగిసలాడిస్తుంది. స్టీరింగును రెండు వేళ్ల వెడల్పు తిప్పినా ముందు టైర్లు కదలకపోతే, తప్పంతా స్టీరింగ్ బాక్సుదే (స్టీరింగ్ తిప్పుడును టైర్ల వైపు పంపే గేర్ల పెట్టెదే) అనుకోవడం తొందరపాటు. బాక్సుకూ టైర్లకూ నడుమ పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్లు అనే కీళ్లున్న కడ్డీలు ఉన్నాయి, ఒక్కొక్క కీలు కాస్త అరిగినా అదంతా కూడి చేతికి తెలుస్తుంది. వీటిని మార్చి, బాక్సులో ఆయిల్ నింపి, సర్దుబాటు స్క్రూను సరిచేస్తే చాలా కార్లు దారికొస్తాయి. అతిగా బిగిస్తే మాత్రం మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. బాక్సు కేసింగు పగలనంతవరకు నా ఓటు పాత బాక్సుకే.

ర్యాక్ అండ్ పినియన్‌లో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ర్యాక్ అనే పళ్ల కడ్డీని పక్కకు జరిపి టైర్లను తిప్పుతుంది. ఇందులో కీళ్లు తక్కువ, రోడ్డు తీరు చేతికి స్పష్టంగా అందుతుంది. (అంబాసిడర్‌కు ఇదే ఉండేదన్న సంగతి చాలామందికి గుర్తుండదు.) చిక్కంతా అమరికలోనే ఉంది: ర్యాక్ చివర్లలోని లోపలి కీళ్లు సస్పెన్షన్ ఆర్ముల (చక్రాన్ని పైకీ కిందికీ ఆడనిచ్చే కడ్డీల) కీళ్లతో పొసగకపోతే, గతుకు తగిలినప్పుడల్లా టైరు తనకు తానే పక్కకు తిరుగుతుంది, ముందు చక్రాల ఇరుసు వెనుక ఉండవలసిన ర్యాక్‌ను అలాగే తెచ్చి ఇరుసుకు ముందు బిగిస్తే, ఎడమకు తిప్పిన కారు కుడికి పోతుంది. వెల్డింగ్ షాపులో కంటి అంచనాతో చేయించే పని కాదిది. పైగా 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను మార్పులకు హద్దులు పెట్టింది కనుక, రవాణా శాఖ కార్యాలయంలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.