కాలేజీ కౌన్సెలరా, 14416కా, బయట సైకాలజిస్టా?

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ జూనియర్ల నుంచి ఇదే ప్రశ్న. "అక్కా, నిద్ర పట్టట్లేదు, పుస్తకం తీస్తే ఏడుపొస్తోంది, కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారు కదా, వెళ్లనా?" బీటెక్ థర్డ్ ఇయర్‌లో రెండు బ్యాక్‌లాగ్స్ పడ్డప్పుడు నేను ఈ దారులన్నీ తొక్కి వచ్చాను, అందుకే రాస్తున్నాను.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఏది మేలో చూస్తూ కూర్చోవద్దు. పక్కనున్న మనిషికి చెప్పండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, లేదంటే ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈ పోలికంతా ఆ తర్వాత.

కాలేజీ కౌన్సెలర్ దగ్గర డబ్బు ఖర్చు లేదు, బస్సెక్కే పని లేదు, అటెండెన్స్ పోదు. నేనూ అందుకే ముందు అక్కడికే వెళ్లాను. మా కాలేజీలో కౌన్సెలర్ అంటే మాకు ల్యాబ్ చెప్పే మేడమే, ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆవిడే. అయినా మనసు విప్పి అంతా చెప్పేశాను. మూడో రోజు అమ్మ ఫోన్ చేసి "ఏమైందే నీకు, మాకెందుకు చెప్పలేదు" అని ఏడుపు. మేడం నా మంచి కోరే ఇంటికి ఫోన్ చేశారని ఇప్పుడు అర్థమవుతుంది, కానీ ఆ దెబ్బకి నేను నాలుగు నెలలు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆ నాలుగు నెలల్లోనే నా పరిస్థితి బాగా దిగజారింది.

అందుకే ఫీజు ఎంత, ఎంత దూరం అన్నవాటికన్నా ముందు నేను చూసేది ఒక్కటే, మనం చెప్పింది ఎవరి చెవిన పడుతుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స చేసే నిపుణులు మన విషయాలు గోప్యంగా ఉంచాలి, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. పాఠం చెప్పే లెక్చరర్‌కి కౌన్సెలర్ అనే బోర్డు తగిలిస్తే ఆ మనిషికి ఆ శిక్షణా ఉండదు, ఆ కట్టుబాటూ ఉండదు. విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ పేరుతో ప్రత్యేకంగా కౌన్సెలింగ్ సెల్ ఉంది. మీ దగ్గర కూడా మార్కులతో సంబంధం లేని మనిషి ఉంటే నిస్సంకోచంగా వెళ్లండి. కాకపోతే కూర్చోగానే అడగండి, "నేను చెప్పింది మా హెచ్‌ఓడీకిగానీ ఇంటికిగానీ చెబుతారా? ఏ పరిస్థితిలో చెబుతారు?" అని. సూటిగా జవాబు రాకపోతే అక్కడ బ్యాక్‌లాగ్స్ గురించి మాట్లాడి వచ్చేయండి, లోపలి మాట వేరే చోట చెప్పుకోండి.

14416 అంటే టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన లైన్. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేను రాత్రి రెండింటికి హాస్టల్ మెట్ల మీద కూర్చుని చేశాను, అవతలి ఆవిడ తొందరపెట్టకుండా విన్నారు. అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. వారం తర్వాత మళ్లీ చేస్తే ఇంకెవరో ఎత్తారు, కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి గడవడానికి దీన్ని మించింది లేదు, కానీ నెలల తరబడి నడవాల్సిన పనికి ఇదొక్కటే సరిపోదు.

నాకు నిజంగా ఒడ్డు చూపించింది బయట క్లినికల్ సైకాలజిస్టు. ప్రతి వారం అదే మనిషి, పోయిన వారం ఎక్కడ ఆపామో ఆవిడకి గుర్తుండేది. మా కాలేజీకీ ఆవిడకీ ఏ సంబంధమూ లేదు, నాకు కావాల్సిందే అది. సెషన్‌కి వెయ్యి రూపాయలు, స్టూడెంట్‌నని చెబితే కొంత తగ్గించారు. అడగడానికి మొహమాటపడొద్దు. ఒక్క జాగ్రత్త, క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ అడగండి. ఆన్‌లైన్‌లో రెండు వారాల కోర్సు చేసి కౌన్సెలర్ అని పేరు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

అంత డబ్బు లేదంటే గాంధీ, ఉస్మానియా, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. "ఎర్రగడ్డకి పంపాలి" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పెరిగినవాళ్లం కాబట్టి అడుగు పడదు, నాకు తెలుసు. కానీ అక్కడ లైన్లో ఉండేది మనలాంటివాళ్లే. రద్దీ వల్ల డాక్టర్‌తో దొరికే సమయం తక్కువ, కాబట్టి చెప్పాల్సినవి చీటీ మీద రాసుకుని వెళ్లండి. మందులు అవసరమైతే ఎలాగూ సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి.

యాప్‌లలో చాట్‌బాట్‌తో మాట్లాడటం డైరీ రాసుకోవడం లాంటిది, తప్పులేదు, అంతవరకే.

హాస్టల్‌లో ఉండి ఆన్‌లైన్ సెషన్ తీసుకునేవాళ్లు మాట్లాడే చోటు ముందే చూసుకోండి. రూమ్‌మేట్ ఉంటే నోట్లో మాట నోట్లోనే ఆగిపోతుంది. నేను ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మేడ మీద వాటర్ ట్యాంక్ వెనక కూర్చునేదాన్ని.