నీస్‌లో ఐదు రోజులు, అమ్మానాన్నలతో

జులైలో అమ్మానాన్నలు కాకినాడ నుంచి జర్మనీకి, మా ఇంటికి వచ్చారు. నాలుగు రోజులకే సముద్రం మీద బెంగ పట్టుకుంది ఇద్దరికీ. అలా ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ వెళ్ళాం.

ముందు బస గురించి చెప్పాలి, మేం పొరపాటు చేసింది అక్కడే. పాతబస్తీలో ఒక అపార్ట్‌మెంట్, కిటికీలోంచి ఎర్ర పెంకుల కప్పులు కనిపిస్తున్న ఫొటో చూసి బుక్ చేసేశాను. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఏసీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్న ప్రతి మలుపులో ఆగి మెట్లెక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. రాత్రి కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కింద సందులోని హోటళ్ళ గోల. రెండు రాత్రుల తర్వాత కట్టిన డబ్బు వదులుకుని రైల్వే స్టేషన్ దగ్గర ఏసీ, లిఫ్ట్ ఉన్న చిన్న హోటల్‌కు మారిపోయాం. వీధి అందంగా లేకపోయినా హాయిగా నిద్రపట్టింది. వేసవిలో పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఏసీ, లిఫ్ట్ ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. మనిషికి, రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను కూడా ఉంటుంది.

నిజానికి ఈ ఊరు పేరు తెచ్చుకున్నది చలికాలపు విడిదిగా. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందీ ఆ పేరుతోనే. చలికి తట్టుకోలేక ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు దాదాపు 200 ఏళ్ళ క్రితం వేయించిన బాటే ఇప్పటి ప్రొమెనాడ్ దెజాంగ్లే. సముద్రం పక్కనే సుమారు 7 కిలోమీటర్లు సాగుతుంది.

ఇక్కడి తీరంలో ఇసుక ఉండదు, అన్నీ గుండ్రటి గులకరాళ్ళు. చెప్పులు విప్పితే నడవలేం. నీళ్ళలోకి దిగడానికి రబ్బరు బూట్లు కొనుక్కోవాల్సిందే. నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది కాబట్టి పిల్లల చెయ్యి వదలకూడదు. ప్రైవేట్ బీచుల్లో పడక కుర్చీలకు డబ్బు పెట్టడం నాకు అనవసరం అనిపించింది. బాట పొడవునా ఉన్న నీలం కుర్చీలు అందరివీ. అమ్మ రోజూ సాయంత్రం అక్కడే కూర్చునేది. తొమ్మిదింటి దాకా వెలుగు ఉండేది.

డబ్బు ఖర్చు లేకుండా దక్కిన గొప్ప దృశ్యం కోటకొండ మీద నుంచి. 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కూల్పించేశాడు కాబట్టి ఇప్పుడు కోట లేదు. ఒక పక్క వంపు తిరిగిన తీరమంతా, మరో పక్క ఓడరేవు కనిపిస్తాయి. కింద నుంచి ఉచితంగా లిఫ్ట్ ఉంది. నాన్న పైనుంచి పావుగంట ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డారు. ఆ ఒక్క పావుగంటకే ఇంత దూరం రావచ్చు అనిపించింది నాకు. మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి శబ్దం వినిపిస్తుంది, కంగారు పడకండి.

తిండి విషయంలో భయపడుతూ వెళ్ళాం, అమ్మ శాకాహారి. ఇక్కడి పేరున్న నిసువాజ్ సలాడ్‌లో, పిస్సలాదియేర్ అనే ఉల్లిపాయల రొట్టెలో చేపలు వేస్తారు. కూర్ సలేయా బజారులో 'సొక్కా' దొరికింది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. మిరియాల పొడి చల్లి వేడివేడిగా ఇచ్చారు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని అమ్మ, "ఇది మన శనగపిండి అట్టే కదే!" అంది. తర్వాత రోజూ అదే తిన్నాం.

చిత్రకారుడు మార్క్ షగాల్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో తప్పకుండా చూడండి. బైబిల్ కథల మీద ఆయన గీసిన 17 పెద్ద చిత్రాలున్నాయి. 1973లో మ్యూజియం తెరిచేనాటికి షగాల్ బతికే ఉన్నారు. అక్కడి సభామందిరం కిటికీలకు నీలిరంగు అద్దాలు కూడా ఆయనే రూపొందించారు. ఆ నీలి వెలుగులో కూర్చుంటే బయటి ఎండ మరిచిపోయాం.

ఒక రోజు రైల్లో మొనాకో వెళ్ళాం. ఖరీదైన కార్లు, ఎత్తయిన భవనాలు. అమ్మానాన్నలకు రెండు గంటల్లో చాలనిపించింది. తిరుగు దారిలో విల్‌ఫ్రాంష్‌లో దిగాం. నీస్ నుంచి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ మెట్లు దిగగానే బీచ్, అదీ ఇసుక బీచ్. అలలు లేని నిశ్చలమైన నీళ్ళలో నాన్న ప్యాంటు మడుచుకుని మోకాళ్ళ లోతు దాకా వెళ్ళారు. మళ్ళీ వెళ్తే బస విల్‌ఫ్రాంష్‌లోనే.